న్యూరోసైన్స్‌లో డిగ్రీ చేద్దామనుకునే వాళ్లతో

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో డిగ్రీలో ఏం చేరాలా అని ఆలోచిస్తున్న పిల్లలు, వెనక వాళ్ల అమ్మానాన్నలు కనిపిస్తున్నారు. పిల్లలకు ఈ చదువు ఎలా ఉంటుందో తెలియాలి. పెద్దవాళ్లకు చదివాక ఏం చేస్తారో తెలియాలి. రెండూ చెప్తాను, కానీ మొదటిదానికే ఎక్కువ సమయం తీసుకుంటాను. అది సరిగ్గా తెలియకుండా చేరినవాళ్లే రెండో ఏడాదికల్లా నీరుగారిపోతారు. ఈ కోర్సుకు పాఠాలు చెప్పేదాన్ని కాబట్టి అలాంటి పిల్లల్ని దగ్గరగా చూశాను. వాళ్లలో తెలివి తక్కువవాళ్లు ఎవరూ లేరు. ఊహించుకున్నది ఒకటి, ఎదురైంది ఇంకొకటి, అంతే.

ఈ డిగ్రీకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మనసు గురించి తెలుసుకుందామని వస్తారు. కలలు ఎందుకొస్తాయి, జ్ఞాపకం ఎక్కడుంటుంది, భయం ఎలా పుడుతుంది, ఇవీ వాళ్ల ప్రశ్నలు. చాలా మంచి ప్రశ్నలు. వాటి మీద ప్రేమ లేకపోతే ఈ చదువులో నిలవడం కూడా కష్టం. కానీ మొదటి సెమిస్టర్ టైంటేబుల్ తీసి చూస్తే కలలూ ఉండవు, భయాలూ ఉండవు. కెమిస్ట్రీ, ఫిజిక్స్, సెల్ బయాలజీ, కాలిక్యులస్, స్టాటిస్టిక్స్ ఉంటాయి. "ఇందులో మెదడెక్కడ మేడం?" అని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు.

దానికి కారణం ఈ శాస్త్రం పుట్టిన తీరులో ఉంది. మెదడు మీద పరిశోధన పాతదే, కానీ 1960ల దాకా అదంతా ఒక గొడుగు కింద లేదు. మెదడు నిర్మాణం చూసేవాళ్లు అనాటమీలో, విద్యుత్ సంకేతాలు కొలిచేవాళ్లు ఫిజియాలజీలో, రసాయనాలు చూసేవాళ్లు ఫార్మకాలజీలో, ప్రవర్తన చూసేవాళ్లు సైకాలజీలో ఎవరి పని వాళ్లు చేసుకుంటూ ఉండేవాళ్లు. 1962లో ఎంఐటీలో ఫ్రాన్సిస్ ష్మిట్ అనే ఆయన వీళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించే కార్యక్రమం మొదలుపెట్టాడు. 1969లో అమెరికాలో సొసైటీ ఫర్ న్యూరోసైన్స్ ఏర్పడింది. డిగ్రీ స్థాయిలో ఈ సబ్జెక్టును ముందుగా మొదలుపెట్టిన కాలేజీల్లో ఆమ్‌హర్స్ట్ ఒకటి, 1973లో. అంటే ఈ చదువు వయసు మీ తాతల వయసు కంటే తక్కువే. ఇన్ని శాస్త్రాల వాళ్లు కలిసి కట్టిన విద్య కాబట్టి, ప్రతి శాస్త్రంలోనూ కొంత నేర్వకుండా లోపలికి దారి దొరకదు.

ఒక ఉదాహరణ చూద్దాం. కాగితం ఉన్నవాళ్లు తీయండి.

ఏ పనీ చేయకుండా ఊరికే ఉన్న న్యూరాన్, అంటే నాడీకణం లోపలికి సన్నటి ఎలక్ట్రోడ్ దింపి కొలిస్తే, బయటితో పోల్చినప్పుడు లోపల దాదాపు మైనస్ 70 మిల్లీవోల్టులు ఉంటుంది. ఈ అంకె స్కూలు పుస్తకాల్లోనే ఉంటుంది, బట్టీ పట్టేసి ఉంటారు. డిగ్రీలో ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో అడుగుతాం. కణం లోపల పొటాషియం ఎక్కువ, లీటరుకు 140 మిల్లీమోల్స్ అనుకోండి. బయట 5. కణం పొరలో పొటాషియం వెళ్లడానికి దారులున్నాయి. కాబట్టి ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి, అంటే బయటికి జారుతుంది. జారే ప్రతి అయాను తనతో ఒక ధనావేశాన్ని తీసుకుపోతుంది. దాంతో లోపల రుణావేశం మిగిలి, అది పొటాషియాన్ని వెనక్కి లాగడం మొదలుపెడుతుంది. బయటికి తోసేదీ లోపలికి లాగేదీ సరిసమానం అయ్యేది ఎన్ని మిల్లీవోల్టుల దగ్గర? నెర్న్‌స్ట్ సమీకరణం చెప్తుంది. 5ని 140తో భాగించి, దాని లాగరిథమ్‌ని శరీర ఉష్ణోగ్రత దగ్గర 61తో గుణించండి. మైనస్ 88 వస్తుంది.

కొలిచింది మైనస్ 70, లెక్కలో వచ్చింది మైనస్ 88. ఈ 18 మిల్లీవోల్టులు ఎక్కడికి పోయాయి?

నేను ప్రతి ఏడాదీ ఎదురుచూసే క్షణం ఇదే. కొందరు లెక్క తప్పిందనుకుని మళ్లీ మొదటి నుంచి చేస్తారు. కొందరు పెన్ను పక్కన పెట్టేస్తారు. ఒకరిద్దరు మాత్రం "పొటాషియం ఒక్కటే కాదేమో, ఇంకేదో కూడా కారుతోందేమో" అంటారు. అవును, సోడియం కొద్దికొద్దిగా లోపలికి కారుతోంది. ఆ కారేది ఎంత అన్నది కూడా లెక్క కట్టొచ్చు. ఆ మాట ఎవరూ చెప్పకుండా తనంతట తాను అన్న పిల్లకి గానీ పిల్లాడికి గానీ ఆ రోజు నుంచి కెమిస్ట్రీ వేరు, మెదడు వేరు అనిపించదు.

1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే శాస్త్రవేత్తలు చేసిన పని కూడా ఈ బాటలోదే, ఇంకా చాలా పెద్ద ఎత్తున. స్క్విడ్ అనే సముద్రజీవిలో ఒక నరం పోగు మిల్లీమీటరు దాకా మందం ఉంటుంది, అందుకే దాని లోపలికి తీగ దింపగలిగారు. సోడియం ఎప్పుడు లోపలికి దూకుతుంది, పొటాషియం ఎప్పుడు బయటికి వస్తుంది అన్నది కొలిచి సమీకరణాలు రాశారు. వాటిని సాధించడానికి హక్స్‌లీ చేత్తో తిప్పే లెక్కల యంత్రం ముందు కూర్చుని అడుగడుగునా కట్టుకుంటూ పోయాడు. చివరికి కాగితం మీద వచ్చిన గీత, నిజమైన నరంలో కొలిచిన యాక్షన్ పొటెన్షియల్, అంటే నరం వెంట పోయే విద్యుత్ సంకేతం గీతకు చాలా దగ్గరగా ఉంది. అప్పటికి అయాన్ ఛానెల్ అనేదాన్ని, అంటే అయాన్లు వెళ్లే ఆ దారిని ఎవరూ విడిగా పట్టుకోలేదు. ఒక్క ఛానెల్ గుండా పారే కరెంటును నేహర్, సాక్‌మన్ 1976లో గానీ కొలవలేకపోయారు. ఇరవై నాలుగేళ్ల ముందే గణితం దాని ఉనికిని సూచించింది. లెక్కలంటే భయం కాబట్టి బయాలజీ వైపు వస్తున్నాను అనుకునేవాళ్లు ఈ ఒక్క విషయం గురించి బాగా ఆలోచించుకుని రండి. భయం ఉన్నా ఫర్వాలేదు, నేర్పిస్తాం. తప్పించుకుందామనుకుంటే మాత్రం కుదరదు.

ఇక నా దృష్టిలో ఈ డిగ్రీకి ప్రాణం లాంటి విషయానికొస్తాను. మూడు నాలుగేళ్లు మేం నేర్పేది ఒకే ప్రశ్న అడగడం. "ఇది ఎలా తెలిసింది?" పాఠ్యపుస్తకాల్లోని వాక్యాలు మారిపోతాయి. ఈ ప్రశ్న అడిగే అలవాటు ఉన్నవాళ్లు వాక్యం మారినప్పుడు తడబడరు.

మనిషి మెదడులో ఎన్ని న్యూరాన్లున్నాయి? ఎవరో 100 బిలియన్లు అన్నారు... అవును, నేను చదువుకున్నప్పుడూ అదే రాసేవాళ్లం. పదివేల కోట్లు. చాలా పుస్తకాల్లో ఉండేది. కానీ ఎవరు లెక్కపెట్టారు అని వెనక్కి వెళ్తే గట్టి ఆధారం దొరికేది కాదు. బ్రెజిల్‌కు చెందిన సుజానా హెర్కులానో-హౌజెల్ ఈ ప్రశ్నను వదల్లేదు. మెదడులో కణాలు అన్నిచోట్లా ఒకే సాంద్రతలో ఉండవు. చిన్న ముక్కలో లెక్కపెట్టి హెచ్చవేస్తే తప్పుడు జవాబొస్తుంది. అందుకని ఆమె, సహచరులు మెదడు కణజాలాన్ని ఫార్మాల్డిహైడ్‌లో గట్టిపరిచి, డిటర్జెంట్ కలిపిన ద్రవంలో మెత్తగా నూరేశారు. కణాల పొరలు కరిగిపోయాయి, కేంద్రకాలు మిగిలాయి. ఒక్కో కణానికి ఒక్కో కేంద్రకం. ద్రవాన్ని బాగా కలిపితే అవి అంతటా సమానంగా పరుచుకుంటాయి. అప్పుడు ఒక చుక్క తీసి మైక్రోస్కోపు కింద లెక్కపెడితే చాలు. న్యూరాన్ల కేంద్రకాలకు మాత్రమే అంటుకునే యాంటీబాడీ వేసి వాటిని విడిగా గుర్తుపట్టారు. 2009లో ప్రచురించిన ఫలితం సగటున 86 బిలియన్లు, అంటే 8,600 కోట్లు. వాటిలో 6,900 కోట్ల దాకా వెనక కింద ఉండే చిన్నమెదడులోనే ఉన్నాయి. మనం ఆలోచనకు, భాషకు నిలయమని చెప్పుకునే పై పొరలో ఉన్నవి సుమారు 1,600 కోట్లే. న్యూరాన్లకు తోడుగా ఉండే గ్లియా కణాలు వాటికి పదింతలు ఉంటాయన్న మాట కూడా ఆ దెబ్బతో పోయింది. రెండూ ఇంచుమించు సమానంగానే వచ్చాయి.

ఈ పేపరు నేను మొదటి ఏడాదిలోనే చదివిస్తాను. చదివాక పిల్లలు అడిగే ప్రశ్నలు వినాలి. ఎన్ని మెదళ్లు నూరారు? నాలుగు. అందరూ మగవాళ్లేనా? అవును. వయసు? యాభై, ఆ పైన. మరి దీన్ని అందరికీ ఎలా వర్తింపజేస్తాం? చూశారా, పాత అంకెను కూల్చిన పేపరునే నిలదీస్తున్నారు. ఆ క్లాసు అయ్యాక నాకు కడుపు నిండినట్టుంటుంది.

ల్యాబ్ సంగతి చెప్తాను. చాలా కాలేజీల్లో చేయించే ఒక ప్రాక్టికల్ ఉంది, బొద్దింక కాలుతో. బొద్దింకను కాసేపు ఐసు నీళ్లలో ఉంచితే కదలిక ఆగిపోతుంది. ఒక కాలు కత్తిరించి, దానిలోకి రెండు సన్నటి సూదులు గుచ్చి, ఆ తీగల్ని యాంప్లిఫయరుకు, దాన్నుంచి స్పీకరుకు కలుపుతాం. మొదట వినిపించేది 'గుయ్' మనే హమ్. అది నరం కాదు, గోడల్లోని కరెంటు. గ్రౌండ్ తీగ సరిచేసి, లైట్లు ఆపి, ఫోన్లు దూరంగా పెట్టి ఆ రొద వదిలించుకునేసరికి పీరియడ్‌లో సగం అయిపోతుంది. అది కూడా చదువే. తర్వాత కాలి మీది ముల్లును పుల్లతో తాకండి. టపటపమని చప్పుడు. ఒక్కో 'టప్' ఒక్కో యాక్షన్ పొటెన్షియల్. గట్టిగా తాకితే చప్పుడు పెద్దదవదు, టపటపలు దగ్గరదగ్గరగా వస్తాయి. పుల్లను అలాగే నొక్కి పట్టుకుంటే క్రమంగా పలచబడతాయి. ఎడ్గార్ ఏడ్రియన్ 1920లలో కనుక్కున్నది ఇదే. ఉద్దీపన బలం సంకేతం పరిమాణంలో ఉండదు, ఎంత తరచుగా వస్తుందన్న దానిలో ఉంటుంది. ఆయనకు 1932లో షెరింగ్టన్‌తో కలిపి నోబెల్ వచ్చింది. మీ చొక్కా చర్మానికి తగులుతున్నా ఇప్పుడు మీకు తెలియడం లేదు కదా, అందులో కూడా ఈ పలచబడటం పాత్ర ఉంది.

జంతువుల విషయం దాచకూడదు. ఈ డిగ్రీలో ఎక్కడో ఒకచోట జంతువుల మీద చేసిన పని ఎదురవుతుంది. చాలా కోర్సుల్లో గొర్రె మెదడు కోయాల్సి వస్తుంది, పై తరగతుల్లో ఎలుకలతో పని ఉండొచ్చు. కొంతమందికి అది చేతకాదు, మనసొప్పదు. అలాంటివాళ్లకు కంప్యూటర్ మోడలింగ్, మనుషుల్లో ఈఈజీ (తల మీద నుంచి మెదడు విద్యుత్ సంకేతాలు కొలవడం), స్కానింగ్ లాంటి దారులున్నాయి. మనసొప్పనివాళ్లను నేను తక్కువగా చూడను. ఆ ఇబ్బంది బొత్తిగా లేనివాళ్లే నాకు టెన్షన్ పెడతారు.

స్టాటిస్టిక్స్ గురించి రెండు మాటలు. 2009లో క్రెయిగ్ బెన్నెట్, సహచరులు ఒక చచ్చిపోయిన సాల్మన్ చేపను, మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపించే ఎఫ్ఎమ్ఆర్ఐ స్కానర్‌లో పెట్టి, దానికి మనుషుల ఫొటోలు 'చూపించారు'. డేటాను అజాగ్రత్తగా విశ్లేషిస్తే చేప మెదడు పనిచేస్తున్నట్టు చుక్కలు వెలిగాయి. స్కానులో వేలవేల బిందువులను ఒక్కొక్కటిగా పరీక్షిస్తాం, యాదృచ్ఛికంగా కొన్ని వెలగడం ఖాయం. అన్నిసార్లు పరీక్షించినందుకు చేయాల్సిన సవరణ చేయగానే చుక్కలు మాయమయ్యాయి. మెదడు బొమ్మ మీద ఎర్రగా వెలిగే మచ్చ చూపించి "ప్రేమ ఇక్కడుంది" అని ఎవరైనా అంటే, ఆ సవరణ గురించి అడగగలిగేలా మిమ్మల్ని తయారు చేయడం మా బాధ్యత. మెదడులో పది శాతమే వాడతామనీ, కుడి మెదడు మనుషులు ఎడమ మెదడు మనుషులు అనీ ఇంకా నమ్మేవాళ్లున్నారు. స్టాటిస్టిక్స్, కోడింగ్ వచ్చిన డిగ్రీ విద్యార్థి ఆ మాటల్ని ఆధారంతో తోసిపుచ్చగలగాలి.

సైకాలజీకి, దీనికి తేడా ఏంటని చీటీ వచ్చింది. గీత సన్నటిది. 1953లో మూర్ఛ తగ్గడానికి హెన్రీ మొలైసన్ అనే యువకుడికి ఆపరేషన్ చేసి మెదడు లోపల రెండు వైపులా ఉండే హిప్పోకాంపస్ అనే భాగంలో చాలా మేరకు తీసేశారు. ఆ తర్వాత కొత్త విషయం ఏదీ అతని గుర్తులో నిలవలేదు. బ్రెండా మిల్నర్ అనే సైకాలజిస్ట్ అతని చేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీతల మధ్య గీత గీయించింది. రోజురోజుకీ చేయి తిరిగింది, కానీ అంతకు ముందు ఆ పని చేసినట్టే అతనికి గుర్తులేదు. చేతికి వచ్చే నేర్పు, మనకు గుర్తుండే సంగతి వేర్వేరు వ్యవస్థలని ఒక పెన్సిలు, ఒక అద్దం తేల్చాయి. అలాంటి ప్రయోగం ఊహించడం సైకాలజీ శిక్షణ. హిప్పోకాంపస్ కణాలు ఆ పని ఎలా చేస్తాయని కణం స్థాయికి దిగడం మన శిక్షణ. ప్రవర్తన మీదే మీకు ఎక్కువ ఇష్టం ఉంటే సైకాలజీలో చేరండి, చిన్నతనమేమీ లేదు.

ఇంకో రకం విద్యార్థులున్నారు. వాళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నాయనమ్మకు అల్జీమర్స్, నాన్నకు పార్కిన్సన్స్, తమ్ముడికి మూర్ఛ. ఇంట్లో ఆ బాధ చూసి "నేను దీనికి మందు కనిపెడతాను" అని వస్తారు. ఇంటర్వ్యూలో ఆ మాట చెప్పేటప్పుడు గొంతు మారుతుంది. వాళ్లకు నేను అబద్ధం చెప్పను. ఈ డిగ్రీ పూర్తయ్యేలోపు మీ ఇంట్లోవాళ్లకు మీరు మందు తేలేరు. కానీ మందులు ఎలా వచ్చాయో చూడండి. 1950ల చివర్లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రిసర్పిన్ అనే మందు ఇచ్చాడు. అవి కదలకుండా పడిపోయాయి. వాటికి ఎల్-డోపా, అంటే మెదడులో డోపమైన్‌గా మారే పదార్థం ఇస్తే లేచి తిరిగాయి. అప్పటిదాకా డోపమైన్‌ను వేరే రసాయనం తయారీలో మధ్య మెట్టుగా మాత్రమే చూసేవాళ్లు. అదే సొంతంగా సంకేతాలు మోస్తుందని ఆయన వాదించాడు. 1960లో వియన్నాలో ఎరింగర్, హార్నికీవిచ్ పార్కిన్సన్స్‌తో చనిపోయినవాళ్ల మెదళ్లలో డోపమైన్ బాగా తగ్గిపోయి ఉందని చూపించారు. మరుసటి ఏడాదే రోగులకు ఎల్-డోపా ఇచ్చి చూశారు. 1967లో జార్జ్ కాట్జియాస్ మోతాదు నెమ్మదిగా పెంచుకుంటూ నోటి ద్వారా ఇచ్చే పద్ధతిలో మంచి ఫలితం సాధించాడు. ఈరోజుకీ పార్కిన్సన్స్‌కు ప్రధానమైన మందు అదే. జబ్బును నయం చేయదు, కదలికను తిరిగి ఇస్తుంది. ఆ గొలుసులో ఎవరి లంకె వాళ్లు పట్టుకున్నారు. ఇంట్లో జబ్బు చూసి వచ్చిన పిల్లలకు ఓపిక ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు కాబట్టి, వాళ్లకు ముందే ఈ సంవత్సరాల లెక్క చెప్తాను.

ఇప్పుడు అమ్మానాన్నల ప్రశ్న. సూటిగా చెప్తాను. ఈ డిగ్రీతో డాక్టర్ కారు. న్యూరాలజిస్ట్ కావాలంటే మెడిసిన్ చదవాలి. కౌన్సెలింగ్ చేయాలంటే దానికి వేరే చదువు, శిక్షణ, అనుమతి ఉంటాయి. సొంతంగా పరిశోధన నడపాలంటే పీహెచ్‌డీ దాదాపు తప్పనిసరి, అది ఇంకో అయిదారేళ్లు పడుతుంది, ఆ తర్వాత కూడా స్థిరమైన ఉద్యోగం వెంటనే దొరుకుతుందన్న భరోసా లేదు. డిగ్రీ అవగానే దొరికేవి ల్యాబ్ అసిస్టెంట్ పనులు, మందుల ట్రయల్స్‌లో సమన్వయం, డేటా విశ్లేషణ, సైన్సు రచన లాంటివి. కోడింగ్, స్టాటిస్టిక్స్ గట్టిగా నేర్చుకున్నవాళ్లకు బయట రంగాల్లోనూ తలుపులు తెరుచుకుంటాయి. ఈ లెక్కలన్నీ ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాక చేరితే మంచిది.

ఒక అబ్బాయి చెయ్యెత్తాడు, చివరి ప్రశ్న. కాలేజీని ఎలా ఎంచుకోవాలి అంటున్నాడు. బాబూ, కాలేజీకి వెళ్లినప్పుడు భవనం చూడకు, ఆఖరి సంవత్సరం విద్యార్థి ఒకరిని వెతికి పట్టుకో. మొదటిసారి ఏ సెమిస్టర్‌లో తన చేత్తో ఒక కణం నుంచో నరం నుంచో రికార్డింగ్ తీశారని అడుగు. స్టాటిస్టిక్స్ ఎవరు చెప్పారు, నిజమైన డేటాతో చెప్పారా అని అడుగు. చివరి ప్రాజెక్టులో ఏం చేశారో చూపించమను. ల్యాప్‌టాప్ తెరిచి "ఈ గ్రాఫ్ నేనే గీశాను, ఇక్కడ ఈ నాలుగు పాయింట్లు ఎందుకు పక్కకు పోయాయో ఇంకా తెలీలేదు" అని చెప్పగలిగే విద్యార్థి కనిపించాడా, ఆ కాలేజీలో దరఖాస్తు పెట్టు.